రాగి వాషర్‌కి ఇంజిన్ దించమంటారా?

పాత ట్రాక్టర్ ఉన్నవాడంటే ఊళ్లో అందరికీ లోకువే. మా నాన్న 1986లో కొన్న బండి, పొద్దున్నే సెల్ఫ్ కొడితే అంటుకుంటుంది, రెండు నిమిషాలు ఆడి చచ్చూరుకుంటుంది. అంతే, చుట్టూ పదిమంది డాక్టర్లు! ఒకాయన నాజిల్స్ అంటాడు, ఇంకొకాయన పంపు విప్పమంటాడు, మెకానిక్ అయితే బానెట్ కూడా ఎత్తకుండానే "బోరు పోయింది బాబాయ్, ఇంజిన్ దించాల్సిందే" అన్నాడు. బోరు పోతే, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోతే, నీలం పొగ రావాలి కదా, ఆయిల్ తాగాలి కదా? డిప్‌స్టిక్ తీసి చూశావా అసలు?

సరే, నేనే స్పానర్ పట్టుకున్నా. డీజిల్ ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చేత్తో కొడితే ఒకటే నురగ, బుడగలు. డీజిల్ లైన్‌లో గాలి పట్టింది, ఇంకేముంది! ఎయిర్ తీస్తే నడుస్తుంది, మర్నాడు మళ్లీ అదే కథ. నాలుగు రోజులు, అదీ దుక్కుల సీజన్‌లో! చివరికి చూస్తే ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకొచ్చే పైపు బోల్టు కింద రాగి వాషర్ అణిగిపోయి గీత పడింది. అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలినే లోపలికి పీలుస్తుంది, కంటికెలా కనపడుతుంది మరి?

వాషర్ కోసం టౌన్‌కి పోతే షాపు కుర్రాడు, "ఆ మోడల్ బండ్లు ఇంకా ఉన్నాయా అన్నా?" అని నవ్వు. ఉంది నాయనా, బయటే ఉంది, ఆపితే మళ్లీ స్టార్టవదని ఆన్‌లోనే పెట్టి వచ్చా, త్వరగా ఇవ్వు!