రంది అనే మాటకు మన పాఠాల్లో చోటు లేదు

పగలంతా ఉద్యోగం చేసుకొని, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్న తరువాత ల్యాప్‌టాప్ ముందు కూర్చొని నేను ఆన్‌లైన్ డిగ్రీలో అబ్నార్మల్ సైకాలజీ, అంటే మానసిక రుగ్మతల పాఠం, చదువుతున్నాను. ఈ చదువు మీద నాకు గౌరవం ఉంది. నా చిన్నతనంలో మా చిన్నాన్నకు ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. ఆయనకు ఉన్నది స్కిజోఫ్రెనియా అని ఇంట్లో ఏనాడూ ఎవరూ పేరు పెట్టి చెప్పలేదు గాని, వీధిలో మాత్రం ఆయనను “ఎర్రగడ్డ కేసు” అనేవారు. మానసిక రోగులకు వైద్యం చేసే ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఉన్న పేటను మా హైదరాబాదు నగరం తిట్టుగా మార్చుకుంది. ఆ తిట్టు వింటూ పెరిగినదానిని కాబట్టే ఈ సబ్జెక్టును ఎంచుకున్నాను. నాలుగు నెలలు చదివిన తరువాత నాకు కలిగిన అభ్యంతరాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా పరీక్షల్లో ప్రశ్నలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్ళ వ్యక్తి, మూడు వారాలుగా నిద్ర లేదు, ఆసక్తి లేదు, తాను పనికిరానివాడినని అంటున్నాడు, రోగనిర్ధారణ ఏమిటి అని అడుగుతారు, కింద నాలుగు జవాబులు ఇస్తారు. లక్షణాలన్నీ ఎవరో ముందే ఏరి, కడిగి, వరుసగా పేర్చి పెట్టినట్టు ఉంటాయి. ఇళ్ళలో మనుషులు అలా చెప్పుకోరు.

వారాసిగూడలో మా పక్కింట్లో ఉండే పెద్దమ్మ మార్చి నెలలో ఒక సాయంత్రం మా గుమ్మంలో కూర్చొని, చీర చెంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఇలా చెప్పింది: “ఏమైతుందో ఎరుకైత లేదు బిడ్డా. పాణమంత గాబరైతది. కాళ్ళు చేతులు గుంజుతయి. మీ పెద్దనాన్న పోయినప్పటి సంది ఈ రంది నన్ను ఇడుస్తలేదు.” పెద్దనాన్న చనిపోయింది నవంబరులో.

ఆమె చెప్పిన మూడు ముక్కల్లో నేను చదివిన పుస్తకం మొత్తానికి సవాలు ఉంది. పాణం బాగా లేదన్నప్పుడు తెలంగాణ ఇళ్ళలో జ్వరమూ కావచ్చు, దుఃఖమూ కావచ్చు, ఒంటికీ మనసుకూ మధ్య ఆ మాట గీత గీయదు. గాబర అంటే గుండె దడా అవుతుంది, భయమూ అవుతుంది. ఇక రంది అనేది దిగులు, చింత, శోకం, ఎదురుచూపు అన్నీ కలిసిన మాట. దానిని డిప్రెషన్ అని అనువదిస్తే సగం పోతుంది, యాంగ్జైటీ అని అనువదిస్తే మిగతా సగం పోతుంది.

ఆ సాయంత్రం నేను ఆమె మాట వింటూనే మనసులో లెక్క మొదలుపెట్టాను. మానసిక రుగ్మతలను నిర్ధారించడానికి అమెరికా మానసిక వైద్యుల సంఘం వెలువరించే ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం ప్రకారం మేజర్ డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాల పాటు ఉండాలి, వాటిలో దిగులు గాని, దేని మీదా ఆసక్తి లేకపోవడం గాని ఒకటి తప్పనిసరి. నిద్ర, ఆకలి, నీరసం, ఆసక్తి, ఏ పనిలోనైనా మందకొడితనం అని వేళ్ళ మీద లెక్కపెట్టేసరికి ఐదూ వచ్చాయి. మరుక్షణమే మా రికార్డెడ్ పాఠంలో విన్న నియమం గుర్తుకొచ్చింది: దగ్గరివారు పోయిన రెండు నెలల లోపు సాధారణంగా డిప్రెషన్ అనకూడదు. నాలుగు నెలలు గడిచాయి కనుక ఆ అడ్డు కూడా లేదని తేల్చుకున్నాను.

ఆ రాత్రి అసలు గ్రంథం తీసి చూస్తే, ఆ రెండు నెలల మినహాయింపు 2013లో డీఎస్ఎం-5 వచ్చినప్పుడే తొలగిపోయిందని తెలిసింది. మా పాఠం దానిని ఇంకా సజీవంగా బోధిస్తున్నది. అంతకు ముందు వారం క్విజ్‌లో, రోగనిర్ధారణకు ఎన్ని అక్షాలు (రోగిని అంచనా వేసే విడివిడి కోణాలు) ఉంటాయని అడిగితే “ఐదు” అని రాసినవారికే మార్కు ఇచ్చారు. ఆ అక్షాల పద్ధతి కూడా 2013లోనే పోయింది. ఫీజు కట్టించుకొని, ఎప్పుడో రికార్డు చేసిన వీడియోలను ఏళ్ళ తరబడి అలాగే నడిపించడం చదువు చెప్పడం కాదు. తరగతి గదిలోనైతే ఎవరో ఒకరు చెయ్యెత్తి అడిగేవారు, పంతులు మరుసటి రోజుకు సరిచూసుకొని వచ్చేవారు. వీడియోకు చెయ్యెత్తి ప్రయోజనం లేదు. నేను పంపిన ఈమెయిల్‌కు ఇప్పటికీ జవాబు లేదు.

దుఃఖం విషయంలో ఈ తేదీలు చిన్న సంగతులు కావు. 2022లో డీఎస్ఎం సవరణ ప్రతిలో దీర్ఘకాలిక శోకాన్ని ఒక ప్రత్యేక రుగ్మతగా చేర్చి, పెద్దలకు పన్నెండు నెలల గడువు పెట్టారు. అదే ఏడాది అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ గ్రంథం ఐసీడీ-11 ఆరు నెలలు చాలన్నది. రెండు ప్రామాణిక గ్రంథాలు ఒకే శోకానికి రెండు గడువులు పెట్టాయంటే, ఇందులో తర్కించవలసింది ఎంత ఉందో ఆలోచించండి. మన ఇళ్ళలో నెలనెలా మాసికాలు పెట్టి, ఏడాదికి సంవత్సరికం చేసి, అంతవరకు పండుగలు చేసుకోని ఆచారం ఉంది. ఈ సంగతి ముందు పెట్టి, శోకానికి ఒక సమాజం ఎంత సమయం ఇస్తుంది అని విద్యార్థులను అడిగితే అది గొప్ప పాఠం అవుతుంది. మాకు మాత్రం ఆ అధ్యాయం పదకొండు నిమిషాల్లో ముగిసింది.

ఇదంతా పాశ్చాత్య శాస్త్రం, మనకు పనికిరాదు అనే వాదనతో నేను ఏకీభవించను. గ్రంథం చాలాచోట్ల మన పాఠాల కంటే జాగ్రత్తగా ఉంది. ఆషాఢంలో లష్కర్ బోనాల మరునాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చి కుండ మీద నిలబడి, పూనకంలో రంగం (భవిష్యవాణి) చెప్పే స్త్రీని తలచుకోండి. మనిషి తానెవరన్న స్పృహే చీలిపోయే డిసోసియేటివ్ రుగ్మత నిర్ధారణలో డీఎస్ఎం-5 పూనకపు అనుభవాన్ని ప్రస్తావిస్తూనే, సమాజం విస్తృతంగా అంగీకరించిన మతాచారంలో భాగమైనది రుగ్మత కాదని ఒక ప్రత్యేక నిబంధన పెట్టింది. బాధ, జీవనానికి కలిగే ఆటంకం, ఆచార సందర్భం చూడకుండా పూనకానికి పేరు పెట్టరాదు. మా చర్చా విభాగంలో ఒక సహవిద్యార్థి మాత్రం, తన మేనత్తకు ఏటా బోనాలకు వచ్చే పూనకాన్ని రుగ్మత అని రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నాడు. దిద్దినవారు ఆ నిబంధనను చదవలేదా అని నాకు నిజంగా బాధ కలిగింది.

2025లో విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ, సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో నడపరాదని, జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచే ఆపివేయాలని ఆదేశించింది. అంతకుముందే చేరినందువల్ల నేను చదువు కొనసాగిస్తున్నాను. వైద్యం చేయబోయేవారు మనిషి ఎదుట, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నేర్చుకోవాలన్న మాటను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని చెప్పింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో తెలంగాణ గాని, ఆంధ్రప్రదేశ్ గాని లేవు. ఇంతమందికి వైద్యం అందని దేశంలో, రోగి పక్కన కూర్చునే కుటుంబసభ్యులకు, నాలాంటి ఉద్యోగులకు ఈ జ్ఞానం అందే దారిని మూసివేయకూడదు. డిగ్రీ పేరు తీసివేసి, ఏటా సరిచూసిన పాఠాలతో, తెలుగులో, రంది, గాబర, పాణం, బెంగ అనే మాటలతో మొదలయ్యే ఒక కోర్సును మన విశ్వవిద్యాలయాలు ఇవ్వాలి. ఆ మాటలు విన్నప్పుడు తరువాత ఏమడగాలో, ఎప్పుడు మనం ఆగి వైద్యుని దగ్గరకు పంపాలో అందులో నేర్పాలి.

పెద్దమ్మ విషయంలో నేను ఆగవలసింది ఎక్కడో నిబంధనల్లోనే ఉంది. ఈ లక్షణాలు మరొక శారీరక వ్యాధి వల్ల వచ్చినవి కాకూడదు అనే పంక్తిని నేను ప్రతి క్విజ్‌లోనూ దాటేసి వెళ్ళాను, ఎందుకంటే ఆ ప్రశ్నల్లో మనుషులకు ఒళ్ళే ఉండదు. వాళ్ళ కోడలికి చెప్పి దగ్గరలోని డాక్టరు వద్దకు పంపాను. రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. మాత్రలు మొదలుపెట్టి రెండు నెలలైంది. కాళ్ళు గుంజడం తగ్గింది, నిద్ర కొంత పడుతున్నది. రంది ఉంది. సాయంత్రాలు మా గుమ్మంలో కూర్చొని ఆమె పెద్దనాన్న మాటలు చెబుతూనే ఉంది, నేను వేళ్ళు లెక్కపెట్టకుండా వింటున్నాను. సంవత్సరికం నవంబరులో.