పిల్లలకు లెక్కలు అర్థమైపోతే డెల్టా గతి ఏమిటి?

గోదావరి డెల్టాలో కొన్ని బడుల్లో రెండో తరగతి పిల్లలకు కూడికలు, తీసివేతలు నిజంగానే అర్థమవుతున్నాయని ఈ మధ్య ఒక వదంతి పుట్టింది. చింతగింజలు కుప్పలు పోయించి, పుల్లలు పదేసి కట్టలు కట్టించి, పదుల స్థానం అంటే ఏమిటో పిల్లల చేతిలోనే పెడుతున్నారట. దీన్ని మొదట్లోనే అరికట్టకపోతే ఎంత దూరం పోతుందో ఎవరూ ఆలోచిస్తున్నట్టు లేదు.

లెక్కలు రావడానికి నేను వ్యతిరేకిని కాను. అమలాపురంలోనైనా పాలకొల్లులోనైనా చుట్టం గుమ్మంలో చెప్పులు విడిచేలోపే "మావయ్యగారికి పదిహేడో ఎక్కం అప్పజెప్పు నాన్నా" అంటుంది తల్లి. పిల్లవాడు చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, నూట డెబ్బై దాకా ఊపిరి తీయకుండా వెళ్ళిపోతాడు. చుట్టానికి ఆనందం, తల్లికి గర్వం, వేలకు వేలు ఫీజు కట్టిన తండ్రికి ఊరట. మధ్యలో ఆపి "పదిహేడు ఆరులు ఎంత?" అని అడిగే చుట్టాలు కూడా కొందరుంటారు. పిల్లవాడు పాపం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. అలాంటివారికి రెండోసారి కాఫీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

నా అభ్యంతరమల్లా అర్థం కావడం గురించే. అదే పిల్లవాడికి ఆత్రేయపురం పూతరేకులు పది ఇచ్చి ముగ్గురికి పంచమనండి. తలా మూడు వస్తాయి, ఒకటి మిగులుతుంది. మిగిలినది పంచినవారికే చెందడం మన సంప్రదాయం. ఇంటి భాగాల నుంచి ఊరి చెరువు పాట దాకా అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఎక్కాలు మాత్రమే వచ్చిన పిల్లవాడు మారు మాట్లాడడు. అర్థమైన పిల్లవాడు "ఆ ఒక్కటీ ఎవరిది?" అంటాడు.

ఈ ప్రశ్న కాటా దగ్గరకు వెళ్ళిందనుకోండి. ధాన్యంలో తేమ 17 శాతం మించిందంటూ 75 కిలోల బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తామంటారు. రెండు కిలోలే కదా అని రైతు తల ఊపుతాడు. ఎకరానికి 30 బస్తాల చొప్పున అయిదెకరాలకు 150 బస్తాలు. తరుగు 300 కిలోలు. అంటే నాలుగు నిండు బస్తాలు. ఇందులో మూడో తరగతి దాటిన లెక్క ఒక్కటీ లేదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ నాలుగు బస్తాలూ ఏ లారీ ఎక్కాయని నిక్కరు వేసుకున్నవాడొకడు కళ్ళంలో నిలబడి అడిగితే కొనుగోళ్ళు సజావుగా సాగుతాయా?

వడ్డీ సంగతి ఇంకా సున్నితమైనది. "నూటికి మూడు" అన్నప్పుడు "నెలకు" అన్న మాట పైకి అనకపోవడం మర్యాద. పన్నెండు మూళ్ళు ముప్పై ఆరు అని పిల్లలందరికీ వచ్చు. ఆ ముప్పై ఆరుకూ నాన్న తెచ్చిన అప్పుకూ సంబంధముందని, మూడేళ్ళు నిండకుండానే వడ్డీ అసలును దాటిపోతుందని తెలియనంత కాలం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

ఈ విషయంలో పెద్దలు బొత్తిగా అజాగ్రత్తగా ఉన్నారని అనలేను. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ అని ఒకటి మొదలుపెట్టి, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలంది. 9999 దాకా సంఖ్యలు చదివి రాయాలట. కంగారు పడ్డాను. కానీ పల్లెటూళ్ళలో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చదువు, లెక్కలు పరీక్షించే అసర్ సర్వే 2024లో ఏం చెప్పిందో చూశాక కాస్త కుదుటపడ్డాను. దేశంలో పల్లెటూళ్ళ మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతమే. శాతం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఇది చదివి బాధపడతారు, మిగతావాళ్ళు హాయిగా ఉంటారు.

పైగా పంతుళ్ళకు తీరిక దొరకకుండా మంచి ఏర్పాట్లే ఉన్నాయి. హాజరు ఫోనులో, ఫొటోలు ఫోనులో, గుడ్ల లెక్క ఫోనులో. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వచ్చినవారెందరో చూసుకోకుండా వడ్డించారు. ఆవిడ పేరు పెట్టిన మధ్యాహ్న భోజనానికి రోజూ ఎందరు తిన్నారో ఎక్కించాలి. నెట్‌వర్క్ రాకపోతే పంతులుగారు ఫోను పట్టుకుని కొబ్బరిచెట్ల మధ్యకు వెళతారు. ఈలోగా పిల్లలు చింతగింజలతో వామనగుంటలు ఆడుకుంటారు. నాలుగేసి గింజలు పంచుతూ, ఏ గుంటలో ఆగుతుందో ముందే లెక్కకట్టుకుంటూ. దీన్ని కూడా ఎవరైనా గమనించాలి.

అన్నిటికన్నా చెడిపోయినవాళ్ళు లంక పిల్లలు, అంటే గోదావరి పాయల నడుమ దిబ్బల మీది ఊళ్ళవాళ్ళు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. దశాంశాలు పై తరగతుల్లో గాని రావు. వరద ఆషాఢంలోనో శ్రావణంలోనో వచ్చేస్తుంది. రెండో హెచ్చరికకూ మూడోదానికీ మధ్య నాలుగు అడుగులుందని, ఈలోపు దూడను ఏటిగట్టు ఎక్కించేయవచ్చని లంక పిల్లవాడు వేళ్ళు మడవకుండానే చెబుతాడు. అదృష్టవశాత్తూ బడి పరీక్షలో వాడికి సున్నా వస్తుంది. అక్కడ రాజు దగ్గర పదిహేడు యాపిళ్ళుంటాయి, నాలుగు రాణికి ఇస్తాడు. ఎందుకిచ్చాడో తేలక వీడు అక్కడే ఆగిపోతాడు.

ఇక భీమవరం వైపు రొయ్యల చెరువులు. బడిలో మూడు వారాలు కష్టపడి ముప్పై కన్నా వంద పెద్దదని నేర్పుతారు. చెరువు గట్టు మీద వంద కౌంట్ కన్నా ముప్పై కౌంట్‌కే ధర ఎక్కువ. కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది మరి. రొయ్య పది గ్రాములుంటే వంద కౌంట్, పాతిక గ్రాములుంటే నలభై. భాగహారం పేరు కూడా వినని కాపలావాడి కొడుక్కి ఇది కొట్టినపిండి. పట్టుబడి నాడు కిలో రొయ్యలు తూచి, బయట పోసి లెక్కపెట్టి, కొనుగోలుదారు మనిషి "యాభై రెండు" అంటాడు. గట్టు మీద నుంచి సన్నటి గొంతు ఒకటి "కాదు, యాభయ్యే" అంటుంది. రెండు కౌంట్ల తేడా అంటే టన్నుల మీద ఎంతవుతుందో లారీ పక్కన నిలుచున్న పెద్దమనుషులకు తెలుసు. వాడికి ఇంకా తెలియదు.

తెలిసేలోపు చేయవలసింది ఒకటుంది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు కాటా దగ్గరకు రాకూడదని ప్రతి గట్టు మీదా బోర్డు పెట్టించాలి. వయసు అక్షరాల్లోనే రాయించాలి. అంకె వేస్తే చదివేస్తారు.