కరెంటు పెట్టే ముందు చెప్పవలసిన మాట

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి విశాఖకు రేడియేషన్ చికిత్స కోసం వచ్చేవారు దాన్ని 'కరెంటు పెట్టించుకోవడం' అంటారు. ఆ గది ముందు బెంచీ మీద ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చుంటాడు. పక్కన తల్లి. ఆమె సంచిలో స్కానింగు కవరుతో పాటు తిప్పతీగ కషాయం సీసా. "వేడి చెయ్యదు, రెండు గుక్కలు తాగు నాన్నా" అంటుంది. రేపు వీడికి పిల్లలు పుడతారా అన్న ప్రశ్న ఆమె గొంతు దాటి రాదు. ఆ సీసాను చూసి విసుక్కోవడం తేలిక. దాని శక్తి ఎంతవరకో ఆమెకు విడమరచి చెప్పడమే వైద్యుల పని.

పొత్తికడుపు, గజ్జల ప్రాంతంలో రేడియేషన్ ఇస్తే వృషణాలకూ కొంత తగులుతుంది. అక్కడి బీజకణాలు మహా సున్నితం. 0.15 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మోతాదుకే వీర్యకణాల సంఖ్య కొంతకాలం పడిపోతుంది. 6 గ్రే దాటితే వీర్యకణాలు ఇక పుట్టకపోవచ్చు. క్యాన్సర్ గడ్డకు మామూలుగా ఒక్క రోజు ఇచ్చేదే 2 గ్రే. మగ హార్మోనును తయారుచేసే కణాలు మాత్రం ఇంతకన్నా ఎక్కువే తట్టుకుంటాయి. అందుకే మనిషిలో తేడా కనిపించదు. పెళ్లయి ఏళ్లు గడిచాక లోపం బయటపడుతుంది. ఈలోగా నింద కోడలి మీద పడి ఉంటుంది. ఎక్కువగా కలచివేసేది ఇదే.

కిరణాలు కణంలోని నీటిని చీల్చినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే దూకుడు రేణువులు వీర్యకణం పొరలోని కొవ్వును, లోపలి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. మూలికల్లోని యాంటీఆక్సిడెంట్లు వాటిని అడ్డుకుంటాయన్న ఆశకు ఆధారాలున్నాయి. తులసి ఆకుల్లోని ఓరియంటిన్, విసెనిన్ అనే పదార్థాలు రేడియేషన్ తగిలిన చిట్టెలుకలను కాపాడినట్టు మణిపాల్ శాస్త్రజ్ఞులు చూపారు. ఉసిరి, అశ్వగంధ, పసుపులోని కర్క్యుమిన్ మీదా ఇలాంటి పరీక్షలు జరిగాయి. కానీ ఇవి ఎక్కువగా ఎలుకల మీద, అదీ చాలావరకు కిరణాలు తగలకముందే మందు ఇచ్చి చేసినవి. అదే తులసి ఆకును కుందేళ్లకు రోజూ తినిపిస్తే వీర్యకణాలు తగ్గిన దాఖలా కూడా ఉంది.

ఇంకో చిక్కుంది. యాంటీఆక్సిడెంట్ల కవచం మంచి కణానికే తొడుగుతామంటే కుదరదు, క్యాన్సర్ కణం కూడా దాని చాటున దాక్కోవచ్చు. కెనడాలో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మందికి రేడియేషన్‌తో పాటు యాంటీఆక్సిడెంట్లైన విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. 2005లో వెలువడిన ఫలితాల్లో దుష్ప్రభావాలు తగ్గాయి గానీ, జబ్బు తిరగబెట్టే ధోరణి పెరిగింది. కాబట్టి చికిత్స నడుస్తున్న రోజుల్లో కషాయమైనా, చూర్ణమైనా డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

పసుపు పండే పాడేరు కొండలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో ఈ పరిశోధన ఎలుకల దగ్గరే ఆగిపోకూడదు. మోతాదు తేల్చి, మనుషుల్లో పద్ధతిగా పరీక్షించాలి. అది ఏళ్లు పట్టే పని.

బెంచీ మీది కుర్రాడికి అంత వ్యవధి లేదు. అతనికి ఈరోజే అందగల ఉపాయం, వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో భద్రపరచడం. కృత్రిమ గర్భధారణ పద్ధతులపై వచ్చిన 2021 నాటి చట్టం పదేళ్ల వరకు నిల్వకు వీలిస్తోంది. ఆ ఖర్చును ప్రభుత్వ ఆరోగ్య పథకమే భరించాలి. మొదటి రోజు కరెంటు పెట్టకముందే, తల్లిని కాసేపు బయట కూర్చోమని, ఆ కుర్రాడికి అర్థమయ్యే తెలుగులో డాక్టరే ఈ సంగతి చెప్పాలి.