నిరీక్షణ రద్దు చేయడమైనది

పోయిన క్రిస్మస్‌కి నేను పదిహేడు సెమీ క్రిస్మస్‌లకు, అంటే పండగ రాకముందే చేసే క్రిస్మస్ వేడుకలకు, హాజరయ్యాను. మొదటిది నవంబరు 29న ఒక కాలేజీలో, చివరిది డిసెంబరు 24 మధ్యాహ్నం ఒక ఆఫీసు వెనక సైకిల్ స్టాండులో. పదిహేడు చోట్లా కొవ్వొత్తులు వెలిగించారు. పదిహేడు చోట్లా కేకు కోశారు. పదమూడు చోట్ల నాకు శాలువా కప్పారు. మిగతా నాలుగు చోట్ల శాలువాలు ముఖ్య అతిథి వెంట వచ్చినవాళ్లకే సరిపోయాయి. మా చర్చి వేడుకల కమిటీకి నేను తొమ్మిదేళ్లుగా కోశాధికారిని. ఆ హోదాలో, ఆ పదమూడు శాలువాల సాక్షిగా, క్రైస్తవ ప్రజానీకం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. క్రిస్మస్ ఆనందానికి మొదటినుంచీ ఒక అడ్డంకి ఉంది. దాని పేరు నిరీక్షణ. దాన్ని అధికారికంగా రద్దు చేయాలి. అనధికారికంగా ఎప్పుడో చేసేశాం, తీర్మానం రాయడమే మిగిలింది.

చర్చి గడప తొక్కని పాఠకులకు కొంచెం వివరం చెప్పాలి. ఇంగ్లీషు బైబిల్లో హోప్ అని ఉన్నచోట మన తెలుగు బైబిల్లో నిరీక్షణ అని ఉంటుంది. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ. ఈ మూడూ నిలుస్తాయన్నాడు పౌలు. బయట మాత్రం నిరీక్షణ అంటే బస్టాండులో చేసేది. శుభ్రంగా ఆశ అని రాసి ఉంటే గొడవే లేకపోను. ఆశ ఎక్కడైనా పడొచ్చు, పడుకుని సీరియల్ చూస్తూ కూడా పడొచ్చు. నిరీక్షణ అలా కుదరదు, వాకిట్లో నిలబడాలి, దారి చూడాలి, కాళ్లు లాగుతాయి. అనువాదం చేసిన పెద్దలు ఏం ఆలోచించారో గానీ, రెండర్థాలనూ ఒకే మాటలో మూటగట్టి మన నెత్తిన పెట్టారు.

మా బైబిలు తెలుగుతో ఇలాంటి చిక్కులు ఇంకా ఉన్నాయి. సుమెయోను అనే ముసలాయన 'ఇశ్రాయేలుయొక్క ఆదరణకొరకు కనిపెట్టువాడు' అని లూకా సువార్తలో ఉంది. మా సండే స్కూల్లో ఒక పిల్లాడు లేచి, "ఎడిసన్ బల్బు కనిపెట్టాడు, మరి ఈయనేం కనిపెట్టాడు టీచర్?" అన్నాడు. అక్కడ కనిపెట్టడమంటే కాచుకుని కూర్చోవడమని టీచరమ్మ చెప్పింది. "ఊరికే కూర్చున్నాడా?" అన్నాడు వాడు. నా వాదనంతా ఆ పిల్లాడి నోట వచ్చేసింది. సుమెయోను వచ్చిన యెరూషలేము గుడిలోనే అన్న అనే ప్రవక్త్రి కూడా ఉంది. ఆమె పేరు పక్కన ఎనభై నాలుగేళ్ల లెక్క ఒకటుంది (అది వయసో, వైధవ్యం మొదలైన నాటి నుంచి లెక్కో పండితులే తేల్చుకోవాలి). రేయింబవళ్లు ఆలయం విడిచిపెట్టలేదట. అంత సీనియారిటీ ఉన్న మనిషికి ఒక్కసారైనా వేదిక మీద కుర్చీ వేశారా అంటే, లేదు.

సమాధానం సంగతి సరేసరి. బైబిల్లో సమాధానమంటే శాంతి. 'భూమిమీద సమాధానము' అని దేవదూతలు పాడారు. బయట సమాధానమంటే జవాబు. కోశాధికారికి ఈ రెండర్థాలూ ఉండటం ఎంత సుఖమో చెప్పలేను. ఒకసారి సర్వసభ్య సమావేశంలో, సౌండ్ సిస్టమ్‌కి అంతెందుకైందో సమాధానం చెప్పమని ఒకాయన పట్టుబట్టాడు. మా అయ్యగారు (అంటే పాస్టరు) నిదానంగా లేచి, కళ్లు మూసుకుని, ఈ సంఘానికి సమాధానం దయచేయమని పది నిమిషాలు ప్రార్థించారు. ఆమెన్ అనేసరికి అడిగినాయన కూర్చునే ఉన్నాడు.

అసలు విషయానికి వస్తాను. పాతకాలపు పద్ధతి ఏమిటంటే, క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు అడ్వెంట్. అంటే ఆగమన కాలం. వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తారు. మొదటిది నిరీక్షణ, తర్వాత సమాధానం, ఆనందం, ప్రేమ. మూడోది, ఆనందానిది, గులాబీ రంగులో ఉంటుంది. అంటే ఆనందం కావాలంటే రెండు వారాలు ఆగాలన్నమాట. మాలాంటి లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), కథోలిక చర్చిల్లో ఆ నాలుగు కొవ్వొత్తులూ ఇప్పటికీ వెలుగుతాయి. వెలిగించిన గంటకే ఆవరణలో షామియానా కింద సెమీ క్రిస్మస్ మొదలవుతుంది. లోపల నిరీక్షణ, బయట కేకు. బైబిల్లో క్రిస్మస్ అనే పండగే లేదని అసలు చేయని సంఘాలు కూడా ఉన్నాయి. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు, వాళ్లకు శాలువాల ఖర్చు లేదన్న అసూయ మాత్రం ఉంది.

సెమీ అన్నారంటే ఫైనల్‌కి ముందుదని అర్థం. క్రికెట్లో సెమీఫైనల్స్ రెండే ఉంటాయి. మాకు ఒక్క మండలంలోనే అరవై దాటుతాయి. కాలేజీలు, బ్యాంకులు, ఆర్టీసీ డిపోలు, కాంప్లెక్సులు, అసోసియేషన్లు, చివరికి ప్రభుత్వాలు కూడా తేదీలు పంచుకుని ముందే చేసేస్తాయి. కార్యక్రమం ఎక్కడైనా ఒకటే. స్వాగతం, ప్రార్థన, కీర్తన, యూత్ వాళ్ల స్పెషల్ సాంగు, మళ్లీ ప్రార్థన, వేదిక మీదివాళ్ల పరిచయం. ఈ పరిచయం ముప్పావుగంట పడుతుంది. తర్వాత రక్షకుడి పరిచయం పన్నెండు నిమిషాలు. దైవజనులు ఎక్కువ తీసుకుంటే చీటీ పంపిస్తాం.

ఒక్క విషయంలో మాత్రం నిరీక్షణ ఇంకా బతికే ఉందని ఒప్పుకోవాలి. ముఖ్య అతిథి కోసం ఎదురు చూస్తాం. ఆరు గంటలని కార్డులో వేసి ఎనిమిదిన్నర దాకా చూస్తాం. ఆ రెండున్నర గంటలూ యూత్ వాళ్లు అదే పాట నాలుగు శ్రుతుల్లో పాడతారు, దేవదూత వేషాలు వేసిన చిన్నపిల్లలు రెక్కలతోనే తల్లుల ఒళ్లో నిద్రపోతారు. పదకొండో కార్యక్రమంలో అనుకుంటాను, అతిథిగారు రాలేదు, బావమరిదిని పంపించారు. కారు దిగిన ఆయన్ని చూసి మా అయ్యగారు నా చెవిలో బైబిలు వాక్యం ఒకటి చెప్పారు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను యేసుకు శిష్యులతో పంపిన ప్రశ్న అది. "రాబోవువాడవు నీవేనా? మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?"

మేం ఆయనకే శాలువా కప్పాం.

ఇక ఇంటింటికీ తిరిగి పాటలు పాడే క్యారల్ రౌండ్స్. రాత్రివేళ మంద కాచుకుంటున్న గొర్రెల కాపరుల దగ్గరికి దేవదూత వచ్చినప్పుడు మొదట అన్న మాట 'భయపడకుడి'. రాత్రి ఒంటిగంటన్నరకు ట్రాక్టరు మీద నాలుగు స్పీకరు బాక్సులు, రెండు డప్పులు, ఒక క్రిస్మస్ తాతతో మేం ఇంటి ముందు దిగినప్పుడు కూడా మొదట చెప్పాల్సిన మాట అదే. చెబుతూనే ఉన్నాం గానీ స్పీకర్ల మోతలో వినపడదు.

దీనికంతటికీ ఫలితం ఏమిటంటే, 25వ తేదీ వచ్చేసరికి ఆనందం పూర్తిగా ఖర్చయిపోతుంది. తెల్లవారుజామున ఆరాధన, కొత్త బట్టలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రానికి ఊరు ఊరంతా నిద్ర. ఇరవై ఆరున డెకరేషన్ కుర్రాడు నిచ్చెన వేసి నక్షత్రం దింపేస్తాడు. చర్చి పాత క్యాలెండరు ప్రకారం క్రిస్మస్ మొదలయ్యేదే 25న, అక్కడినుంచి పన్నెండు రోజులు. తూర్పు దేశపు జ్ఞానుల పండగ జనవరి 6. అంటే నక్షత్రం పట్టుకుని జ్ఞానులు ఊళ్లోకి వచ్చేసరికి మేం కనెక్షన్ పీకేసి ఉంటాం. జ్ఞానులు ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదు, వాళ్లు వచ్చేసరికి శిశువు ఇంట్లో ఉన్నాడని మాత్రం ఉంది. అంత ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం రోజుకు నాలుగొందలు అద్దె కట్టే పద్దు మా బడ్జెట్లో లేదు.

నిరీక్షణను సమర్థించేవాళ్లు చరిత్ర తీస్తారు. తీయనివ్వండి, నాకూ తెలుసు. మెదక్‌లో పోస్నెట్ అనే మిషనరీ దొర 1914లో చర్చి మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశాడు. పదేళ్లు! కరువు రోజుల్లో జనానికి పని చూపించి, కూలికి తిండి పెడుతూ కట్టించాడంటారు. 175 అడుగుల గోపురం, రంగుటద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఆ కిటికీల అందం పగటిపూట లోపల నిలబడి చూస్తేనే తెలుస్తుంది, ఎండ కావాలి. మన కార్యక్రమాలన్నీ రాత్రిపూట కదా, ఇది స్పష్టంగా డిజైన్ లోపం. పదేళ్లలో ఒక్క ప్రారంభోత్సవం చేసిన మనిషి దగ్గర మా కమిటీ నేర్చుకునేదేముంటుంది?

ఒంగోలు కథ మరీ అన్యాయం. అమెరికావాళ్లు నడిపిన నెల్లూరు బాప్టిస్టు మిషన్‌లో ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్క. 1853లో అమెరికాలో దాన్ని మూసేద్దామా అని చర్చించారు. పటం మీద అటువైపు అది ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారు, ఆ మాటే పేరై నిలిచింది, లోన్ స్టార్ మిషన్ అని. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కి చెందిన జూయెట్ దంపతులూ మరో ముగ్గురు తెలుగువాళ్లూ ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించి దిగారు. జాన్ క్లౌ అనే మిషనరీ వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. బావమరిదిని కూడా పంపలేదు దేవుడు.

ఆ క్లౌ మరీ విచిత్రం. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని జనం వస్తే ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారేమో, కరువు పోనివ్వండి, అప్పుడు చూద్దామన్నాడు. నెలల తరబడి ఆగమన్నాడు. కరువు సాయం ఆగాక కూడా జనం వస్తూనే ఉన్నారు, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇదంతా విన్నాక మా కమిటీ అధ్యక్షుడు ఒకే ప్రశ్న వేశాడు. ఫొటోలున్నాయా?

కాబట్టి తీర్మానం సిద్ధంగానే ఉంది. ఒక్క చిక్కు వచ్చి ఆగింది, దాన్నీ దాచకుండా చెబుతాను.

మా వీధి చివర ఒక మామ్మ ఉంటుంది. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఆరేళ్లు. మామ్మ సెమీ క్రిస్మస్‌లకు వస్తుంది, చాప మీద వెనకెక్కడో కూర్చుంటుంది, కేకు మాత్రం ముట్టదు. "ఇరవై ఐదున తింటాలే అయ్యా" అంటుంది. అలా తినకపోతే మిగిలిన ముక్కకు లెక్క ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు. పోయినసారి కూతురు క్రిస్మస్‌కి వస్తానంది. అక్కడి ఇంటివాళ్లు సెలవివ్వలేదు, టికెట్టు జనవరికి మారింది. ఇరవై ఆరు పొద్దున కుర్రాడు నిచ్చెన వేస్తుంటే మామ్మ వచ్చి నిలబడింది.

"అదొక్కటి ఉంచరాదూ అయ్యా. పిల్ల రాత్రిపూట బస్సు దిగుద్ది, చీకట్లో మలుపు తెలవొద్దూ?"

"పండగైపోయింది మామ్మా."

"అదేంటయ్యా, పన్నెండు రోజులని అయ్యగారే చెప్పారుగా?"

చర్చిలో చెప్పింది చెప్పినట్టు వినేవాళ్లతో వచ్చే ఇబ్బంది ఇదే. ఆరో తేదీ దాకా ఉంచాం. ఆరో తేదీకి టికెట్టు మళ్లీ మారింది, ఎనిమిదికి. కుర్రాడు నక్షత్రం వేరేచోట బుక్కయిందని గొడవ చేస్తే ఇంకో వంద చేతిలో పెట్టాను. తొమ్మిదో తేదీ పొద్దున వాడు నక్షత్రం దింపుతుంటే కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది ఆ కూతురే. మామ్మ పక్కనే చపటా మీద కూర్చుని, డిసెంబరు నుంచి దాచిన కేకు ముక్క కాగితంలోంచి తీసింది. గట్టిపడి రాయిలా ఉంది. ఇద్దరూ విరుచుకుని తిన్నారు.

ఇరవై ఆరు నుంచి ఎనిమిది దాకా పద్నాలుగు రోజులు, రోజుకు నాలుగొందలు, 5,600. కుర్రాడికిచ్చిన వందతో 5,700. ఇతర ఖర్చులు అని రాశాను. మార్చిలో సర్వసభ్య సమావేశం ఉంది, ఎవరో ఒకరు లేచి సమాధానం అడగకుండా ఉండరు. అయ్యగారికి ముందే చెప్పి పెట్టాను, ఈసారి ప్రార్థన కొంచెం పొడుగ్గా ఉండాలని.