మాటకారి గోపురం

ఈ మధ్య కట్టడాలకు నోళ్లొచ్చాయి. గోడ కూలకుండా నిలబడితే చాలదట, పరిసరాలతో సంభాషించాలట. అబుదాబిలోని లూవ్ర్ మ్యూజియం ఈ విద్యలో అందెవేసిన చేయి. ఎండతో మాట్లాడుతుంది, సముద్రంతో మాట్లాడుతుంది, ఖర్జూరపు మట్టలతో చుట్టరికం కలుపుతుంది. వింటూ తలూపాలి. ఊపకపోతే కళాహృదయం లేదంటారు.

ఫ్రెంచి వాస్తుశిల్పి జాఁ నూవెల్ గీసిన ఆ మ్యూజియం గోపురం అడ్డం 180 మీటర్లు. ఉక్కు, అల్యూమినియం కలిపి ఎనిమిది పొరలు, 7,850 నక్షత్రాలు, దాదాపు 7,500 టన్నుల బరువు. ఇంతా చేసి కింద పడేది చుక్కలు చుక్కలుగా ఎండ. దాని పేరు 'వెలుగుల వాన'. మన తాటాకు పందిట్లోనూ ఇదే వాన కురుస్తుంది, పైగా అక్కడ భోజనం కూడా పెడతారు.

అసలు చూడాల్సింది ఆ చుక్కల కింది జనాన్ని. "కాస్త ఎడమకి జరుగు, చుక్క ముక్కు మీదికి రావాలి" అంటాడు భర్త. ఆవిడ జరిగేలోపు సూర్యుడు జరుగుతాడు, చుక్క చెవికెక్కుతుంది. "కదలకు!" "కదిలింది నేను కాదు!" ఈలోగా ఇంకెవరి పిల్లాడో వచ్చి ఆ చుక్కలో నిలబడతాడు. "బాబూ, అది మా చుక్క, ఇందాకట్నుంచీ కాచుకున్నాం." లోపలి గదుల్లో నాలుగు వేల ఏళ్ల నాటి, మధ్య ఆసియాలోని బాక్ట్రియా రాకుమారి బొమ్మ ఉంది. మొహాన చుక్క పడదు కనుక ఆమెతో ఎవరికీ పనిలేదు.

సరే, ఇంత మాటకారి కదా, తనను పైకెత్తినవాళ్లతో ఏం మాట్లాడిందో? మ్యూజియం ఉన్న సాదియత్ దీవి కూలీల గురించి 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ రాసింది: ఏజెంట్లకు అప్పు చేసి కట్టి వచ్చారు, పాస్‌పోర్టులు కంపెనీల దగ్గర. జగిత్యాలలో, సిరిసిల్లలో ఈ సంగతి ఏ ఇంట్లో అడిగినా చెబుతారు, మిత్తి లెక్కతో సహా. 2015లో మళ్లీ రాసింది: నియమాలు మారాయి, కానీ ఏజెంటు ఫీజు తిరిగిరానివాళ్లు, జీతం ఆగినవాళ్లు ఇంకా ఉన్నారు, సమ్మె చేసిన వందల మందిని దేశం దాటించారు.

పారిస్ మ్యూజియానిదైన లూవ్ర్ అన్న పేరు 30 ఏళ్లు పెట్టుకోవడానికి ఫ్రాన్సుకు 40 కోట్ల యూరోలు ఒప్పుకున్న చోట, సిమెంటు మోసినవాడి జీతానికి దిక్కులేదు! టికెట్ కొన్నవాడి నెత్తిన ఎండ పడకూడదని ఎనిమిది పొరలు బిగించారే, ఆ పొరలు బిగించినవాడి నెత్తిన ఎన్ని పొరలున్నాయయ్యా?