కోడి జబ్బుకు మందు సిరంజిలో లేదు, తల్లి కోడిలో ఉంది

బర్డ్ ఫ్లూ అన్న మాట వినిపిస్తే చాలు, హైదరాబాద్‌లో ఆదివారం చికెన్ షాపుల ముందు క్యూలు మాయం. అదే గుడ్డులోంచే పిల్లకు అంటుకుని, చప్పుడు లేకుండా తరాలు దాటే ల్యూకోసిస్ వైరస్ సంగతి ఎవరికీ పట్టదు. (అది మనుషులకు జబ్బు తెస్తుందని ఎక్కడా తేలలేదు, కాబట్టి చికెన్ సిక్స్‌టీ ఫైవ్ ప్రియులకు టెన్షన్ అక్కర్లేదు.)

ఇది రెట్రోవైరస్. తన జన్యువులను కోడి డీఎన్ఏలో కలిపేసి కూర్చుంటుంది, కొన్నింటికి కణితులు తెస్తుంది. మార్కెట్లో టీకా లేదు, మందు లేదు. కానీ కణం మీద తనకు సరిపడే రిసెప్టర్, అంటే తలుపు లాంటి ప్రోటీన్, దొరికితేనే లోపలికి పోగలదు. ఈ వైరస్‌లో రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో తలుపు: 'ఎ' రకానికి టీవీఏ, 'బి' రకానికి టీవీబీ. చైనా కోళ్లలో కొన్నింటికి టీవీఏ జన్యువులో చిన్న తేడా వల్ల ఆ తలుపు సరిగా తయారు కాదు, దాంతో 'ఎ' రకం వైరస్ తేలిగ్గా చొరబడలేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ తేడా వస్తే పిల్లకు పుట్టుకతోనే కవచం, పైసా ఖర్చు లేదు.

ఇక మనం ఏం చేశామో చూడండి. హేచరీల్లో ఒక్కరోజు పిల్లల్లో పెట్ట ఏదో పుంజు ఏదో రెక్క ఈకలు చూసి తేలుస్తారు. తల్లికి ఈకలు నిదానంగా వచ్చే జన్యువు, తండ్రికి త్వరగా వచ్చే జన్యువు ఉంటే పిల్లల్లో పెట్టలకు త్వరగా, పుంజులకు నిదానంగా ఈకలొస్తాయి. పని సులువు. కానీ ఆ నిదానపు జన్యువును అంటిపెట్టుకునే ఈవీ21 అనే పాత రెట్రోవైరస్ ఉంటుంది, పూర్వీకుల డీఎన్ఏలో ఎప్పుడో కలిసిపోయింది. అది గుడ్డు ద్వారా అందిన పిల్ల దాన్ని తన సొంత సరుకే అనుకుంటుంది, ఆ తర్వాత అసలు వైరస్ వచ్చినా పోలిక చూసి ఊరుకుంటుంది! మన సౌకర్యం కోసం ఈకను ఎంచుకున్నాం, దాంతోపాటు జబ్బును రానిచ్చే గుణాన్నీ ఎంచుకున్నాం.

పరీక్షలు చేసి వైరస్ ఉన్న కోళ్లను ఏరేస్తే సరిపోతుంది కదా, పెద్ద కంపెనీలు అలాగే తుడిచిపెట్టాయి, పైగా బ్రాయిలర్ ఆరు వారాలకే కోతకు పోతుంది, కణితి వచ్చేదాకా బతికుంటుందా అని కొందరంటారు. ఏరివేత పనిచేస్తుంది, కాదనను. కానీ ఊళ్లో పెరట్లో తిరిగే కోడికి పరీక్ష చేసేదెవరు?

1980ల చివర్లో బ్రిటన్‌లో మాంసం కోళ్లలో ఇదే వైరస్‌లోని జె రకం బయటపడింది, 1990ల్లో బ్రీడర్ కోళ్ల ద్వారా దేశదేశాలకూ పాకింది. బ్రాయిలర్ తాతముత్తాతల కోళ్లు కొద్ది కంపెనీల షెడ్లలోనే ఉంటే ఇంతే, పైన పడ్డ మరక కిందికి కారుతుంది. జె వాడుకునే తలుపు ఎన్‌హెచ్ఈ1. ఇందులో ట్రిప్టోఫాన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని తీసేసి, జె సోకని కోళ్లను 2020లో చెక్ శాస్త్రవేత్తలు జన్యువులను కత్తిరించి సవరించే క్రిస్పర్‌తో తయారుచేసి చూపించారు.

నా గొడవ ఇక్కడే. పత్తి విత్తనం ఎవరి చేతిలో ఉంటే రైతు వాళ్ల చేతిలో ఉన్నట్టే అని మనకు అనుభవమే, కోడి విత్తనం మాత్రం ఎందుకు వదిలేశాం? రాజేంద్రనగర్‌లోనే వనరాజా, గ్రామప్రియ కోళ్లను తీసుకొచ్చిన పౌల్ట్రీ పరిశోధన సంస్థ ఉంది. అదే రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ జన్యువు సవరించిన కమల వరిని తెచ్చింది, 2025 మేలో కేంద్రం ప్రకటించింది. ఆ వరికి దారి ఇచ్చిన 2022 నాటి జన్యు సవరణ నిబంధనల సడలింపు మొక్కలకే, కోళ్లకు కాదు.

సడలింపు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కాకి, డేగ అని రంగు చూసి లక్షలు కాసే అసీల్ పుంజుల నుంచి, పెరటి నాటుకోళ్ల నుంచి, వనరాజా తల్లిదండ్రుల వరసల నుంచి చుక్క రక్తం తీసి టీవీఏ, టీవీబీ ఎలా ఉన్నాయో చదివి, ఆ పట్టికను రైతులందరికీ తెరిచి పెట్టాలి. ఖర్చు ప్రభుత్వానిదే కావాలి, కంపెనీ పెట్టిన రోజు ఆ పట్టిక మనకు కనబడదు.