మిత్తి ఎంతో తెలుగులో చెప్పాలి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అప్పుకు వెళ్లిన మనిషి మొదట అడిగేది ‘నూటికి ఎంత’ అని. రూపాయిన్నర మిత్తి అంటే సర్దుకుంటాడు, రెండు రూపాయలంటే ఆలోచిస్తాడు, మూడంటే మరో గడప చూసుకుంటాడు. అదే మనిషి మిర్యాలగూడలో ఫోన్ కొన్న దుకాణంలోనో, జడ్చర్లలో కొడుకు జీతం ఖాతా తెరిచిన చోటనో క్రెడిట్ కార్డు దరఖాస్తు ముందుకొచ్చినప్పుడు ఆ ప్రశ్న అడగడు. అడిగినా ‘మొదటి ఏడాది ఫీజు లేదు, యాభై రోజుల దాకా వడ్డీ లేదు’ అన్న జవాబే తరచుగా వినిపిస్తుంది. అందులో అబద్ధం లేకపోవచ్చు. ఆ గడువు దాటాక ఏమవుతుందో చెప్పకపోవడం దగ్గరే మా అభ్యంతరం.

గడువు తేదీలోగా బిల్లు మొత్తం కట్టిన వారికే వడ్డీ లేని రోజులు వర్తిస్తాయి. కొంత బాకీ మిగిల్చితే వడ్డీని సాధారణంగా గడువు తేదీ నుంచి కాక కొనుగోలు చేసిన రోజు నుంచే లెక్కిస్తారు. పాత బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకూ ఆ వెసులుబాటు ఉండదు. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే మిత్తి ఆ రోజే మొదలవుతుంది, పైగా ఫీజు వేరు. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం, కొన్నింటి మీద అంతకు మించి వడ్డీ ఉంది. ఏడాదికి 42 శాతమయ్యే ఈ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలిపితే, మన లెక్కలో నెలకు నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసల మిత్తి అవుతుంది. ఊళ్లో ఆ రేటు చెప్పిన వడ్డీ వ్యాపారి వాకిట్లో మళ్లీ ఎవరైనా నిలబడతారా?

బిల్లు మీద కనిపించే ‘కనీస మొత్తం’ ఇంకా మోసపుచ్చేది. ఇరవై వేల బిల్లుకు ఐదు శాతం చొప్పున వెయ్యి రూపాయలు కట్టి ఊపిరి పీల్చుకున్న కుటుంబాన్ని తీసుకుందాం. మిగిలిన పంతొమ్మిది వేల మీద ఒక్క నెలకు వడ్డీ 665 రూపాయలు, దాని మీద పన్ను దాదాపు 120 రూపాయలు. మరుసటి నెల మళ్లీ వెయ్యి కడితే అందులో అసలుకు జమయ్యేది 215 రూపాయలే. కొత్తగా ఒక్క వస్తువు కొనకపోయినా ఈ బాకీ ఏళ్ల తరబడి సాగుతుంది. కనీస మొత్తమే కడుతూ పోతే చెల్లింపు నెలలు, ఏళ్లు సాగుతుందని బిల్లులపై హెచ్చరిక ముద్రించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ముద్రిస్తున్నారు కూడా, భూతద్దం పెట్టి వెతికితే దొరుకుతుంది.

ప్రారంభ వడ్డీ రేట్ల సంగతి కాస్త భిన్నం. ఒక కార్డు బాకీని మరో కార్డుకు మార్చుకుంటే కొన్ని నెలలు వడ్డీ ఉండదనో, బాగా తక్కువనో ఇచ్చే ఆఫర్లు అన్నీ చెడ్డవని మేము అనడం లేదు. యాభై వేల బాకీని మూడు నెలల సున్నా వడ్డీకి మార్చుకుని, రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద పన్ను కలిపి 1,180 రూపాయలు కట్టారనుకుందాం. మూడో నెల చివర అసలు మొత్తం ఒకేసారి తీర్చగలిగితే అది నూటికి నెలకు ఎనభై పైసల లోపు మిత్తి, అంటే మేలైన అప్పే. కానీ నాలుగో నెలలో ఎంత రేటు పడుతుంది, ఒక్క వాయిదా తప్పితే ఆఫర్ రద్దవుతుందా, ఆ కార్డు మీద కొత్తగా కొంటే మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా ఆ లెక్క పూర్తికాదు. వడ్డీ లేదంటూ ఇచ్చే ‘నో కాస్ట్’ వాయిదాల్లోనూ వడ్డీని ముందే తగ్గింపుగా చూపినా, ఆ వడ్డీ మీద జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కొనుగోలుదారు మీదే పడతాయి.

ఈ రేట్లకు పైహద్దు ఉండాలన్న వాదన కోర్టులో నిలవలేదు. ఏడాదికి 30 శాతానికి మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టివేసింది. హద్దు లేనప్పుడు, సంతకానికి ముందే అంతా తెలియడం ఒక్కటే వినియోగదారుడికి మిగిలిన రక్షణ. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాలు దరఖాస్తుతో పాటే వడ్డీ, ఛార్జీల వివరాలతో ఒక పేజీ పత్రం ఇవ్వాలన్నాయి. అడగని కార్డు ఇవ్వరాదన్నాయి. బాకీ లేని కార్డును రద్దు చేయమని కోరితే ఏడు పనిదినాల్లో మూసివేయాలని, జాప్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున వినియోగదారుడికి చెల్లించాలన్నాయి. నిబంధనలు స్థానిక భాషలో ఉండటాన్ని మాత్రం వాంఛనీయమన్నాయే తప్ప తప్పనిసరి చేయలేదు. ఆ సందులోంచే చిన్న అక్షరాల ఇంగ్లిషు పేజీలు మన ఇళ్లకు చేరుతున్నాయి.

కాబట్టి తెలుగు పత్రాన్ని తప్పనిసరి చేయాలని, అందులో వార్షిక రేటుతో పాటు నూటికి నెలకు ఎన్ని రూపాయలో రాయాలని మేము కోరుతున్నాం. అమెరికాలో 2009 నాటి చట్టం ప్రారంభ రేటు సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగాలని నిర్దేశించింది. అటువంటి హామీని ఇక్కడి ఆఫర్లకూ వర్తింపజేయడం రిజర్వు బ్యాంకు పరిశీలించదగినది. ఢిల్లీ, ముంబైల నిర్ణయం కోసం ఆగనక్కర్లేని పనీ ఒకటుంది. కలెక్టర్ల అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సంప్రదింపుల సమావేశాల్లో పంట రుణాల లక్ష్యాల పక్కన ఈ అంశాన్నీ చేర్చి, తమ కార్డు నిబంధనల తెలుగు ప్రతిని శాఖలో అందుబాటులో ఉంచిన బ్యాంకులేవో, ఉంచనివేవో జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్లు ప్రతిసారీ వెల్లడించాలి.